ఫోటోలో పడని గుంట

2024 అక్టోబరులో వాయుగుండం పట్టి మూడు నాలుగు రోజులు ముసురు వదల్లేదు గుర్తుందా? ఆ ముసుర్లోనే ఒకరోజు పొద్దున్నే మా తోడికోడలు ఫోన్ చేసింది. "అక్కా, అత్తయ్యకి రెండు రోజుల నుంచి జ్వరం. బిళ్ళ వేస్తే తగ్గుతోంది, మళ్ళీ వస్తోంది" అంది. మావారూ నేనూ గుంటూరు నుంచి అప్పటికప్పుడు బయలుదేరాం. మా అత్తగారి ఊరు చిలకలూరిపేట నుంచి పర్చూరు వెళ్ళే వైపు ఉంటుంది. దారంతా పత్తి తడిసి ముద్దయి కనిపిస్తోంది. మిరప చేలల్లో నీళ్లు నిలబడ్డాయి. మావారు రైతు బిడ్డ కాబట్టి చేల వంక చూసి నిట్టూరుస్తున్నారు. నా ధ్యాస మాత్రం ఇంట్లో ఉన్న మనిషి మీదే.

అత్తయ్యని చిలకలూరిపేట తీసుకెళ్ళి చూపించాం. డాక్టరమ్మ పరీక్షలు చేయించి, "మూత్రంలో ఇన్ఫెక్షన్. నీళ్లు అసలు తాగటం లేదా పెద్దమ్మా?" అని అడిగింది. అత్తయ్య మాట్లాడలేదు. ఆ రాత్రి నేను పక్కన పడుకున్నప్పుడు మెల్లగా చెప్పింది.

"తాగితే పోవాలి కదమ్మా. ముసురు పడితే మన దొడ్డి పొంగుద్ది. లోపల కాలు పెట్టలేం. ఈ మోకాళ్ళతో చేలోకి పోలేను. అందుకని మజ్జిగ కూడా మానేశా."

డెబ్భై ఏళ్ళ మనిషి, ఇంట్లో మరుగుదొడ్డి ఉండి, ముందు కొళాయి ఉండి, వానాకాలం వస్తే నీళ్లు తాగటం మానేస్తోంది. నాకు నిద్ర పట్టలేదు. కోడలిగా ఇరవై మూడేళ్ళ నుంచి ఆ ఇంటికి వస్తూ పోతూ ఉన్నాను. పండక్కి వెళ్ళి అరిసెలు వండాను, చీరలు పెట్టాను, కానీ ఆ గుంట సంగతి ఒక్కసారీ అడగలేదు.

ఆ మరుగుదొడ్డి 2017లో కట్టింది. స్వచ్ఛభారత్ మిషన్ కింద ఇంటికి 12,000 రూపాయలు ఇస్తున్న రోజులవి. అందులో 7,200 కేంద్రానిది, 4,800 రాష్ట్రానిది. మా మామయ్యకి నాలుగెకరాలు కాబట్టి చిన్నరైతు లెక్కలో పేరు వచ్చింది. మేస్త్రీ వచ్చి గది కట్టాడు, రేకుల కప్పు వేశాడు, తలుపు పెట్టాడు, నీలం రంగు కొట్టాడు. వెనకాల ఒక గొయ్యి తవ్వి నాలుగు సిమెంటు వరలు దించి పైన మూత వేశాడు. మామయ్యనీ అత్తయ్యనీ తలుపు ముందు నిలబెట్టి ఫోటో తీశారు. ఆ ఫోటో ఆన్‌లైన్‌లో ఎక్కితేనే డబ్బులు పడతాయన్నారు, పడ్డాయి కూడా. ఆ ఫోటో మా మరిది ఫోన్‌లో ఇంకా ఉంది. అత్తయ్య పట్టుచీర కట్టుకుని నిలబడింది. తలుపు పడింది, రంగు పడింది, మనుషులు పడ్డారు. గుంట మాత్రం పడలేదు.

నేనీ వ్యాసంలో చెప్పదలచుకున్నదంతా ఆ ఫోటోలోనే ఉంది. మనం కనిపించే గదికి డబ్బులు ఇచ్చాం, కనిపించని గుంటకి ఇవ్వలేదు. ఇప్పుడు ఇవ్వాల్సింది గుంటకి.

స్వచ్ఛభారత్ వల్ల మేలు జరగలేదని నేను అనను. చీకటి పడేదాకా కడుపు పట్టుకు కూర్చున్న ఆడవాళ్ళని నా పెళ్ళయిన కొత్తలో ఆ ఊళ్ళోనే చూశాను. తెల్లవారుజామున రోడ్డు పక్కన కూర్చున్న వాళ్ళు బస్సు లైటు పడితే గబుక్కున లేచి నిలబడటమూ చూశాను. ఆ అవమానం తప్పింది. 2019 అక్టోబరు 2న దేశమంతా బహిరంగ మలవిసర్జన నుంచి బయటపడిందని ప్రకటించినప్పుడు నేనూ సంతోషించాను. కానీ బియ్యం కొనుక్కొచ్చి డబ్బాలో పోసినంత మాత్రాన వంట అయినట్టు కాదు కదా. గది కట్టటం మొదటి పని. అందులోంచి పోయేది ఎక్కడికి పోతోంది అన్నది రెండో పని. అది ఇంకా మిగిలే ఉంది.

మా వైపు నేల సంగతి మీకు తెలిసిందే, నల్లరేగడి. పత్తికి, మిరపకి, శనగకి బంగారం లాంటి నేల. ఎండాకాలం కాలు ఇరుక్కునేంత నెర్రెలు పడుతుంది. వాన పడితే ఉబ్బి, జిగటగా మారి, నీటి చుక్కని కిందికి దిగనివ్వదు. పత్తి చేలో తేమ నిలబెట్టే గుణమే మరుగుదొడ్డి గుంటకి శాపం. ఇసుక నేలలో గుంట గోడ చదరపు మీటరుకి రోజుకి 50 లీటర్లు ఇంకితే, నల్లరేగడిలో 10 లీటర్లే లెక్క వేసుకోమని ఇంజనీర్ల పుస్తకాలు చెబుతాయి. అందుకే ఇలాంటి నేలలో వరల చుట్టూ అడుగు మందాన ఇసుకో సన్నకంకరో పోయాలని కూడా ఆ పుస్తకాల్లోనే ఉంది. పుస్తకంలో ఉంది, మా గొయ్యిలో లేదు. ఎందుకు లేదని ఆ ఊరి మేస్త్రీని అడిగితే నవ్వాడు. "ట్రాక్టరు ఇసుక ఎంతమ్మా? ఇచ్చేదే పన్నెండు వేలు. గది కట్టాలా, ఇసుక పొయ్యాలా?"

అతని తప్పు లేదు. గోదావరి పక్క ఇసుక నేలకీ, మా నల్లరేగడికీ, మార్కాపురం వైపు రాతి నేలకీ ఒకటే 12,000 అయినప్పుడు మేస్త్రీ మాత్రం ఏం చేస్తాడు? కనిపించేది కట్టి, కనిపించనిది తగ్గించాడు.

అసలు పద్ధతి ప్రకారం ఉండాల్సింది రెండు గుంటలు. 1970లో సులభ్ సంస్థ పెట్టిన బిందేశ్వర్ పాఠక్ గారు దేశమంతా ప్రచారం చేసిన పద్ధతి ఇదే. దొడ్డి నుంచి వచ్చే గొట్టం ఒక చిన్న తొట్టి దగ్గర రెండుగా చీలుతుంది. ఒక దారికి ఇటుక అడ్డం పెడితే రెండో గుంటలోకి పోతుంది. మొదటిది నిండాక ఇటుక మార్చి రెండోదాన్ని వాడుకుంటాం. నిండినదాన్ని మూసి రెండేళ్ళు వదిలేస్తే లోపలిదంతా వాసన లేని ఎరువుగా మారుతుంది. ట్యాంకరు అక్కర్లేదు, ఎవరూ లోపలికి దిగక్కర్లేదు. ఒకటే గుంట ఉంటే ఆ రెండేళ్ళ విరామం దొరకదు. నిండిన రోజే తోడాలి.

ఆ తోడటం ఎలా ఉంటుందో ఈసారి కళ్ళారా చూశాను. వాన తెరిపిచ్చాక మరిది ట్రాక్టరు ట్యాంకరు పిలిపించాడు. మూడు వేలు అడిగారు. ఇద్దరు వచ్చారు, ఒకడికి ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. మోటారు పెట్టి పైపైన ఉన్నది లాగేశారు. అడుగున గట్టిపడిన మడ్డి రాలేదు. ఆ కుర్రాడు చొక్కా విప్పి, "దిగి పారతో కదిలిస్తానమ్మా, ఐదొందలు ఎక్కువివ్వండి" అన్నాడు. అత్తయ్య జ్వరంతోనే మంచం మీద నుంచి లేచి కేకేసింది. "ఒరేయ్, నీకు అమ్మ లేదంటరా? దిగావంటే ఊరుకోను. నిండితే నిండనియ్, పో."

మనిషిని అలా గుంటలోకి దించటం నేరమని 2013లోనే చట్టం వచ్చింది. దిగి చనిపోయిన వాళ్ళ కుటుంబాలకి 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. ఈ పని మనిషి చేత చేయించకూడదని ఏళ్ళ తరబడి పోరాడిన బెజవాడ విల్సన్ గారికి 2016లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. ఇన్ని జరిగినా ఐదు వందల కోసం చొక్కా విప్పే కుర్రాడు మన పెరట్లోనే కనిపిస్తాడు. వాడు ఏ పేటలోంచి వస్తాడో కూడా మనందరికీ తెలుసు. మనం ఆ మాట పైకి అనం, అంతే.

వాళ్ళు వెళ్ళబోతుంటే ఊరికే అడిగాను, "ఇది ఎక్కడ పోస్తారు నాయనా?" అని. "వాగు పక్కన పోస్తామమ్మా, ఇంకెక్కడ పొయ్యాలి?" అన్నాడు ట్రాక్టరబ్బాయి. నిజమే, ఎక్కడ పొయ్యాలో వాళ్ళకి ఎవరు చూపించారు గనక? మా వైపు ఊళ్ళు చాలావరకు సాగర్ కుడికాలువ నీళ్లు చెరువుకి పెట్టుకుని, వడగట్టి తాగే ఊళ్ళు. బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పు, పడమటి ప్రకాశంలో అయితే ఫ్లోరైడు. ఉన్న మంచినీటి ఆధారం ఆ కాలువలూ చెరువులే. మూడు వేలు ఇచ్చి మన పెరట్లోంచి పంపించినది వాన వరదకి కొట్టుకుపోయి ఏ చెరువులో తేలుతుందో ఎవరు చెప్పగలరు? మేం ఊళ్ళో ఉన్న ఆ రోజుల్లోనే విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి మనుషులు చనిపోయిన వార్తలు వస్తున్నాయి. తాగే నీరు కలుషితమైందన్నారు. పేపరు మడిచి పక్కన పెట్టి మా చెంబులో నీళ్ల వంక చూసుకున్నాను.

ఇంటికొచ్చాక ఈ మాటే మావారితో అన్నాను, ప్రభుత్వం రెండో గుంటకి కూడా డబ్బులు ఇవ్వాలని. ఆయన ఒప్పుకోలేదు. "అన్నీ ప్రభుత్వమే ఇవ్వాలంటే ఎట్టా? మన ఇంటి గొయ్యి మనం తవ్వుకోలేమా? మిరపకి రేటు వచ్చిన ఏడు బండి కొంటాం. ఓణీల ఫంక్షన్‌కి రెండు లక్షలు పెడతాం. గుంటకి పెట్టలేమా?" అన్నారు.

ఆయన మాటలో నిజం ఉంది. మా మరిది కూతురి ఓణీలకి టెంటు, వంటలు, ఫోటోల వాళ్ళకి పెట్టిన డబ్బుతో నాలుగు ఇళ్ళకి రెండో గుంట వచ్చేది. పెట్టగలిగిన వాళ్ళం పెట్టుకోవాలి. ఆ సిగ్గు మాదే, దాన్ని ప్రభుత్వం మీదికి నెట్టను.

కానీ రెండు సంగతులు ఆయనకి గుర్తు చేశాను. ఒకటి, ఊరంతా మా ఇల్లు కాదు. ఊరి చివర కాలనీలో ఇళ్ళ పట్టాలు సెంటున్నర. అందులోనే గది, వంటిల్లు, మేక, బిందెలు. ఒక గుంటకే చోటు లేదు, రెండో గుంట ఎక్కడ తవ్వుతారు? కూలికి పోయే మనిషి ట్యాంకరుకి మూడు వేలు ఎక్కడ తెస్తుంది? నిండితే మళ్ళీ చెంబు పట్టుకుని చేలోకి పోవటమే. రెండోది, గోడ కట్టి మన ఇల్లు వేరు అనుకోవచ్చు గానీ భూమి లోపలి నీటికి గోడలు తెలియవు. మా గుంట పొంగితే పక్కింటి బోరు చెడుతుంది. ఎగువ వాళ్ళు వాగులో పోస్తే దిగువ ఊళ్ళో పిల్లలకి విరేచనాలు పట్టుకుంటాయి. టీవీ కొనుక్కుంటే ఆ సుఖం మా ఇంటిది. గుంట బాగుచేసుకుంటే ఆ మేలు ఊరందరిది. ఊరందరికీ మేలు చేసే పనికి ఊరందరి డబ్బు పెట్టటంలో తప్పేముంది? రోడ్డుకి పెట్టటం లేదా, చెరువుకి పెట్టటం లేదా?

ఆయన ఇంకేమీ అనలేదు. అంటే ఒప్పుకున్నట్టే, మా ఇంట్లో అదే లెక్క.

ఈ సంగతి మా ఆడపడుచు కూతురికి చెప్పాను. అది ఐర్లండులో నర్సు, పల్లెటూళ్ళోనే ఉంటుంది. అక్కడి పల్లెల్లోనూ ఇంటికో సెప్టిక్ ట్యాంకేనట. "అత్తా, ఇక్కడ కూడా పన్నెండు వేలే ఇస్తారు, కాకపోతే యూరోలు" అని నవ్వింది. పాత ట్యాంకులు కారి బావులు చెడిపోతున్నాయని, తనిఖీలో లోపం బయటపడిన ఇళ్ళకి బాగుచేయించుకోవటానికి సాయం ఇస్తారట. అంతకుముందు 5,000 యూరోలు ఉండేది, 2024 నుంచి 12,000 దాకా పెంచారు. అయ్యే ఖర్చులో నూటికి 85 వంతులు ప్రభుత్వం, మిగతాది ఇంటివాళ్ళు. వాళ్ళ సంపన్న దేశంతో మనకి పోలికేమిటి అంటారేమో. డబ్బు మొత్తంతో పోల్చటం లేదు. డబ్బు దేనికి ఇస్తున్నారన్న దానితో పోలుస్తున్నాను. మనం గది కట్టటానికి ఒకసారి ఇచ్చి చేతులు కడుక్కున్నాం. వాళ్ళు ఉన్నదాన్ని చూసి, చెడినదాన్ని బాగుచేయటానికి ఇస్తున్నారు.

మన దగ్గర అసలు డబ్బు లేదా అంటే, ఉంది. స్వచ్ఛభారత్ రెండో దశ 2020లో మొదలైంది. ఒంటి గుంటల్ని జంట గుంటలుగా మార్చుకోమని ఆ మార్గదర్శకాలే చెబుతున్నాయి. కానీ ఒకసారి 12,000 తీసుకున్న ఇంటికి మళ్ళీ ఆ సొమ్ము రాదు. వంటింటి నీళ్లు, స్నానాల నీళ్లు ఇంకించే పనులకి 5,000 లోపు జనాభా ఉన్న ఊరికి మనిషికి 280 రూపాయల దాకా, మరుగుదొడ్ల మడ్డిని శుద్ధి చేసే ఏర్పాటుకి మనిషికి 230 రూపాయల దాకా లెక్క పెట్టారు. మూడు వేల జనాభా ఉన్న ఊరికి ఒక్క వాడకం నీళ్ల పద్దు కిందే 8,40,000 అవుతుంది. దీనికి తోడు పదిహేనో ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా పంచాయతీలకి ఇచ్చే నిధుల్లో నూటికి అరవై వంతులు ముడిపెట్టి ఇచ్చింది, సగం మంచినీళ్లకి, సగం పారిశుద్ధ్యానికి. అంటే కాగితం మీద డబ్బు ఉంది. మా అత్తయ్య పెరట్లోకి రావటానికే దారి లేదు.

వాడకం నీళ్ల సంగతి కూడా చెప్పాలి. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జలజీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి రోజుకి 55 లీటర్లు ఇంటి కొళాయికి రావాలి. మా ఇంట్లో ఐదుగురు, అంటే 275 లీటర్లు. అందులో మూడింట రెండు వంతులు అంట్లు తోమిన నీళ్లుగా, బట్టల నీళ్లుగా, స్నానాల నీళ్లుగా బయటికి పోతాయి. రోజుకి దగ్గర దగ్గర 180 లీటర్లు. కొళాయి వచ్చిందని సంబరపడ్డాం గానీ ఈ నీళ్లు పోవటానికి దారి వెయ్యలేదు. అవి వీధిలో నిలబడి, దోమలు పెరిగి, చివరికి పక్కింటి వాళ్ళతో తగువులయ్యాయి. మా వీధిలో ఆడవాళ్ళ పోట్లాటల్లో సగం "మీ నీళ్లు మా గుమ్మం ముందుకి వస్తున్నాయి" అన్న దగ్గరే మొదలవుతాయి. జపానులో కూడా మొదట్లో ఇళ్ళలో దొడ్డి నీటినొక్కదాన్నే శుద్ధి చేసే తొట్లు పెట్టుకునేవారు. 2001 నుంచి కొత్తగా పెట్టే ఏ తొట్టి అయినా వంటింటి నీళ్లని కూడా శుద్ధి చేయాల్సిందేనని చట్టం చేశారు. దొడ్డీ వంటిల్లూ రెండూ ఒకే ఇంటివని వాళ్ళకి అర్థమైంది.

నాకు ఇంజనీరింగు రాదు, నేను చదివింది తెలుగు బి.ఏ. అయినా ఇల్లు నడిపే మనిషిగా మూడు సంగతులు అడుగుతాను.

మొదటిది, ఉన్న ఒంటి గుంటకి రెండోది కలుపుకునే ఇంటికి సాయం ఇవ్వండి, నేలని బట్టి ఇవ్వండి. నల్లరేగడి ఊళ్ళకి ఇసుక ఖర్చు కలపండి. డబ్బు వేసేముందు తలుపు ఫోటో కాదు, పూడ్చకముందు గుంట ఫోటో అడగండి. సెంటున్నర ఇళ్ళకి నాలుగైదు ఇళ్ళకి కలిపి ఉమ్మడి గుంటలు పంచాయతీ స్థలంలో కట్టండి. చేతిలో డబ్బు లేని వాళ్ళ వాటాకి డ్వాక్రా సంఘంలో అప్పు ఇప్పించండి. గేదెకి ఇస్తున్నారు, మిరప పెట్టుబడికి ఇస్తున్నారు, గుంటకి కూడా ఇస్తే ఆడవాళ్ళు ఎగ్గొట్టరు.

రెండోది, ట్యాంకర్లకి పేరు నమోదు చేసి, రేటు కట్టి, పొయ్యటానికి మండలానికో చోటు చూపించండి. వాగులో పోస్తే జరిమానా తర్వాత సంగతి. ముందు పొయ్యాల్సిన చోటు ఉండాలి కదా.

మూడోది, వంటింటి నీళ్లకి ఊరి నేలకి సరిపడే దారి వెయ్యండి. ఇంకని నేలలో ఇంకుడు గుంత తవ్వి బోర్డు పెడితే అది దోమల గుంటే అవుతుంది. పెరడు ఉన్నవాళ్ళకి అరటి, చేమ మొక్కలకి మళ్ళించటం నేర్పండి. లేనివాళ్ళకి మూత ఉన్న కాలువ కట్టి, మంచినీళ్ల చెరువుకి దూరంగా తీసుకెళ్ళండి.

ఇవి అడగటానికి చోటు కూడా ఉంది. 2024 ఆగస్టు 23న మన రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. మా ఊళ్ళోనూ పెట్టారు. మా తోడికోడల్ని అడిగాను, నువ్వు వెళ్ళావా అని. "మగవాళ్ళు వెళ్ళారక్కా, సీసీ రోడ్లు రాయించారట" అంది. రోడ్డు ఫోటోలో బాగా పడుతుంది మరి. ఈసారి సభకి వెళ్ళమని చెప్పాను. పల్లెల్లో ఉన్న మీరూ వెళ్ళండి. మన ఊళ్ళో ఒంటి గుంటలు ఎన్ని, ట్యాంకరు ఎక్కడ పోస్తోంది, పారిశుద్ధ్యం కింద వచ్చిన డబ్బు దేనికి పెట్టారు అని అడగండి. గుంట పొంగితే కడిగేది మనం, నీళ్లు మానేసేది మనం. అడగాల్సింది కూడా మనమే.

మొన్న సంక్రాంతికి ముందు మా ఇంట్లో రెండో గుంట తవ్వించాం. అన్నదమ్ములిద్దరూ చెరి సగం వేసుకున్నారు. వరల చుట్టూ ఇసుక పొయ్యించటానికి నేను దగ్గర నిలబడ్డాను. మేస్త్రీ ఈసారి నవ్వలేదు, "ఇట్టా చేస్తే పొంగదమ్మా" అన్నాడు. మూత వెయ్యబోయే ముందు ఆపి, అత్తయ్యని పక్కన నిలబెట్టి ఫోటో తీశాను. "గొయ్యితో ఫోటో ఏందే, ఎవరికన్నా చూపిస్తే నవ్వరూ?" అని విసుక్కుంది. ఆ మాట అంటూనే చెంబెడు మజ్జిగ తాగేసి, ఇంకో గ్లాసు పొయ్యమంది.